గునపం లేకుండా వచ్చినవాడు

ఆ ఏడు మే నెల మొదటి వారంలో మేం ముగ్గురం సముద్రపు మంచు అంచుకి దగ్గర్లో గుడారం వేసుకున్నాం. నేను, మా ఆయన మిటెక్, మా మామయ్య పువలూనా. ఊరు వదిలి అప్పటికి నాలుగో రోజు. పిల్లదాన్ని మా అమ్మ దగ్గర ఉంచి వచ్చాను. రెండు సీల్స్ దొరికాయి. ఒకదాని మాంసం స్టవ్ మీద ఉడుకుతోంది. కుక్కలు పదకొండూ తిని, ముక్కులు తోకల కింద దాచుకుని పడుకున్నాయి.

ముందు వైపు నల్లటి నీళ్ళు. వెనక వైపు ఒడ్డు దాకా, ఒక రోజు ప్రయాణమంత మేర గట్టి మంచు. మధ్యలో, నడిస్తే అరగంట దూరంలో, సముద్రపు అడుగుకి తగిలి కదలకుండా నిలబడిపోయిన పెద్ద మంచుకొండ ఒకటి ఉంది. మాకు గుర్తు అదొక్కటే. సూర్యుడు అస్తమించడం మానేసి పదిరోజులు దాటింది. రాత్రి అని మేం అనుకునేది అలవాటుకొద్దీ అనుకోవడమే.

మిటెక్ వాల్రస్ కథ చెబుతున్నాడు. వాల్రస్ వాడి పడవని దంతాలతో పట్టుకుని ఊపిందట.

"కోడలా, గమనించావా?" అన్నారు మామయ్య మాంసం ముక్క కోసుకుంటూ. "నిన్న చెప్పినప్పుడు ఆ వాల్రస్‌కి రెండు దంతాలే. ఇవాళ మూడో దంతం మొలిచింది."

"నిన్నటికీ ఇవాళ్టికీ పెరగదా నాన్నా? వాల్రస్ అన్నాక దంతాలు పెరుగుతాయి," అన్నాడు మిటెక్.

"నీకు పెరగవలసింది బుర్ర."

నేను నవ్వాను. మా ఆయన ఏ కథనీ రెండోసారి మొదటిసారి చెప్పినట్టు చెప్పడు. ఆ రోజుల్లో ఆ అలవాటు మీద నాకు ప్రేమా ఉండేది, కోపమూ ఉండేది. ఎక్కువగా కోపమే ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవాలి. ఎందుకు ఒప్పుకోవాలో తరవాత చెబుతాను.

తిన్నాక పడుకున్నాం. ఎంతసేపు నిద్రపోయానో తెలీదు. మామయ్య లేచి కూర్చుని ఉన్నారు. గుడారం గుడ్డ ఇంతకుముందు అటు వైపు ఉబ్బి ఉండేది. ఇప్పుడు ఇటు వైపు ఉబ్బింది.

"గాలి తిరిగింది," అన్నారాయన.

ఒడ్డు వైపు నుంచి సముద్రం మీదికి గాలి. మంచు అంచున ఉన్నవాళ్ళకి అంతకన్నా పాడు గాలి లేదు. వెనకాల మంచు చీలితే, ముందున్న పలక మనుషులతో సహా సముద్రంలోకి పోతుంది.

మిటెక్ అప్పటికే బూట్లు తొడుక్కుంటున్నాడు. "మంచుకొండ దగ్గర పాత చీలిక ఉంది కదా. అది నోరు తెరిచిందేమో చూసొస్తాను. మీరు సామాను సర్దండి."

గునపం తీసుకుని బయల్దేరాడు. నిలువెత్తు కర్రకి ఇనప మొన ఉన్న గునపం అది. మంచు మీద నడిచేవాడు ముందు దానితో కొట్టి, చప్పుడు విని, అప్పుడు అడుగు వేస్తాడు. టక్... టక్... టక్... ఆ చప్పుడు దూరమైంది. ఆ తరవాత నీళ్ళ మీంచి పొగమంచు లేచి మా మీద పడింది.

పొగమంచంటే చీకటి కాదు. చీకట్లో కనీసం కళ్ళు ఏదో ఒకటి వెతుక్కుంటాయి. ఇది తెలుపు. పైనా తెలుపే, కిందా తెలుపే. చెయ్యి చాపితే చెయ్యి ఉంది, దాని నీడ లేదు. కుక్కలు ఎదురుగా ఉన్నట్టు వాసనని బట్టే తెలుస్తోంది. స్టవ్‌లోంచి కిరసనాయిలు వాసన, సీల్ కొవ్వు వాసన, వాటి కిందుగా ఇంకొకటి... ఉప్పు నీళ్ళ వాసన. వెనక వైపు నుంచి. నీళ్ళుండకూడని వైపు నుంచి.

మామయ్య బయట నిలబడి మంచుకొండ ఉండవలసిన దిక్కుకే చూస్తున్నారు. నేను లోపల గిన్నెలు సర్దుతున్నాను. గుడారం గుమ్మానికి వేలాడే తెర లేచింది.

మిటెక్.

"హమ్మయ్య," అన్నాను. "ఏమైంది?"

"ఏం లేదు," అన్నాడు. వచ్చి తన చోట కూర్చున్నాడు.

చప్పుడు విని మామయ్య తల లోపలికి పెట్టారు. ఆయన ముఖంలో ఆశ్చర్యం. "ఎటు నుంచి వచ్చావురా? నేను అటే చూస్తూ నించున్నానే!"

"పొగమంచులో దారి తప్పాను. చుట్టూ తిరిగి నీళ్ళ వైపు నుంచి వచ్చాను."

"మంచు ఎలా ఉంది?"

"గట్టిగా ఉంది. ఎక్కడా చీలలేదు. పడుకోండి."

"గునపం ఏదీ?"

"అక్కడే ఉంది."

"అక్కడంటే?"

"మంచులో గుచ్చి, మర్చిపోయి వచ్చేశాను."

మా వాళ్ళలో మొగాడు పెళ్ళాన్నైనా మర్చిపోతాడు గాని, మంచు మీద గునపాన్ని మర్చిపోడు.

టీ పోసి ఇచ్చాను. కప్పు రెండు చేతులతో పట్టుకున్నాడు. తాగలేదు. అప్పుడు చూశాను. మామయ్య టోపీ బొచ్చు మీద, కనురెప్పల మీద, మీసం మీద తెల్లగా ఊపిరి గడ్డకట్టి ఉంది. బయట పావుగంట నిలబడితే ఎవరికైనా అంతే. మిటెక్ వెళ్ళి గంట కావస్తోంది. వాడి టోపీ అంచున ఉన్న నక్క బొచ్చు నేను ఊళ్ళో దువ్వి కుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ఒక్క తెల్లటి చుక్క కూడా లేదు.

ఇంకోటి. కుక్కలు మొరగలేదు. గంట క్రితం వెళ్ళిన యజమాని తిరిగొస్తే పదకొండు కుక్కలూ గొంతులు చించుకుంటాయి. ఒక్కటీ మూలగలేదు.

అన్నిటికన్నా పెద్దది మాత్రం వాడు కథ చెప్పకపోవడం. పొగమంచులో దారి తప్పిన మిటెక్ ఈపాటికి మూడు ఎలుగుబంట్లని చూసి ఉండాలి!

"అమ్మాయ్, కుక్కల తాళ్ళు ముడిపడ్డాయి. ఒక చెయ్యి వెయ్యి," అని పిలిచారు మామయ్య బయట నుంచి.

వెళ్ళాను. తాళ్ళు ముడిపడలేదు. ఆయన మేం చేపల కోసం తవ్విన కన్నం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు. సీసం గుండు కట్టిన గేలపు తాడు నీళ్ళలోకి వదులుతున్నారు. బారలు లెక్కపెట్టుకుంటూ వదిలి, గుండు అడుగుకి తగిలిందని తెలిశాక ఆపారు. నన్ను చూడమన్నట్టు తాడు చూపించారు.

తాడు నిటారుగా ఉంది. చూస్తూండగా వంగింది. కన్నం అంచుకి ఒరుసుకుంది. ఇంకా వంగింది.

గుండు అడుగున ఉన్నచోటే ఉంది. కదులుతున్నది మేం.

మామయ్య నా చెవి దగ్గరికి వచ్చారు. "పోతున్నాం," అన్నారు. అంతే.

ఇద్దరం లోపలికి వెళ్ళాం. వాడు కూర్చున్న తీరు మారలేదు. కప్పు మీద ఆవిరి పోయింది.

"మంచు కదులుతోందిరా," అన్నారు మామయ్య మామూలుగా అన్నట్టు.

"కింద నీళ్ళు కదులుతున్నాయి నాన్నా. పున్నమి పోటు కదా. తాడు వంగుతుంది."

తాడు సంగతి మేం చెప్పలేదు. అయినా ఆ మాట అబద్ధమూ కాదు. పున్నమి రోజుల్లో తాడు నిజంగానే వంగుతుంది. మామయ్య ఆలోచనలో పడ్డారు. నేనూ పడ్డాను. భయంలో మనిషికి ఎవరో ఒకరు "ఏం లేదు" అంటే చాలు...

అప్పుడు వినిపించింది.

"నాన్నా...! తుకుమ్మెక్...!"

దూరం నుంచి. మంచుకొండ వైపు నుంచి. మిటెక్ గొంతు. నాన్నని, తరవాత నన్ను పేరు పెట్టి పిలుస్తోంది.

"మంచు చీలిందర్రా...! నేను ఇవతల ఉన్నాను...! కుక్కల్ని కట్టి రండి...! కొండ మూల దగ్గర మీ పలక ఇంకా ఆనుకునే ఉంది... తొందరగా...!"

నా చేతిలోని గరిటె కింద పడింది. గుడారంలో కూర్చున్నవాడు తల ఎత్తాడు.

"పలకొద్దు," అన్నాడు మెల్లిగా. "అదే నా వెంట పడింది. దారి పొడుగునా నా గొంతుతోనే పిలిచింది. అందుకే పరిగెత్తాను. గునపం అందుకే పడేశాను. మీరు భయపడతారని చెప్పలేదు."

మంచు కింద ఉండేవాళ్ళ సంగతి మాలో చంటిపిల్లలకి కూడా తెలుసు. కింద నుంచి తట్టుతారనీ, తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తారనీ, పిల్లల్ని మంచు అంచుకి వెళ్ళనివ్వకుండా పెద్దవాళ్ళు చెబుతూనే ఉంటారు. మామయ్య నమ్మేవారు. నేను ఆ రోజు దాకా నమ్మలేదు.

"నాన్నా... పలకరేంటి...? ఉన్నారా...?" బయట గొంతు విరిగిపోతోంది.

లోపలి మిటెక్ అన్నాడు, "నిన్ను నమ్మించడానికి ఏం చెయ్యను నాన్నా? అడుగు. ఏదైనా అడుగు."

మామయ్య పెదాలు తడుపుకున్నారు. "నీ మొదటి సీల్. ఎక్కడ కొట్టావు?"

"ఎర్రరాయి కొమ్ము దగ్గర. నాకు ఎనిమిదేళ్ళు. ఈటె మొదట మెడ మీద జారింది. నువ్వు నా చెయ్యి పట్టుకుని రెండోసారి పొడిపించావు. కడుపు కోస్తే లోపల పిల్ల ఉంది. నేను ఏడిచాను. ఊళ్ళో ఎవరికీ చెప్పనని మాట ఇచ్చావు. చెప్పలేదు."

మామయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన తెర ఎత్తి, పొగమంచులోకి అరిచారు. "ఒరేయ్! నీ మొదటి సీల్ ఎక్కడ కొట్టావురా?"

జవాబొచ్చింది. "ఇప్పుడు సీల్ ఏంటి నాన్నా? నీకు మతి పోయిందా? ...ఎక్కడ? పక్షుల కొండ కింద కాదూ? ఒక్క పోటుకే పడింది! పెద్ద మగ సీల్! అందరూ చూశారుగా! బండి కట్టండి ముందు!"

మామయ్య తెర వదిలేశారు. వచ్చి లోపలివాడి భుజం మీద చెయ్యి వేశారు.

"నా కొడుకు వీడే," అన్నారు.

నాకు మాత్రం సరిగ్గా అవతలి గొంతే నా మొగుడనిపించింది. ఒక్క పోటుకే పడిన పెద్ద మగ సీల్. ఆరేళ్ళుగా నేను విన్న కథ అదే. ఒక్కోసారి పక్షుల కొండ కింద, ఒక్కోసారి ఇంకోచోట. ఏడ్చినట్టు ఒక్కసారీ చెప్పలేదు. చదివి అప్పజెప్పినట్టు ఉన్నదున్నట్టు చెప్పడం మిటెక్‌కి పుట్టుకతో రాదు.

"మామయ్యా..." అన్నాను.

"నువ్వూ అడుగు కోడలా. నీ అనుమానమూ తీరుతుంది."

వాడు నా వైపు తిరిగాడు. కళ్ళు మిటెక్‌వే. ఎడమ బుగ్గ మీద చలికి కాలిన మచ్చ మిటెక్‌దే. దగ్గరికి వంగి, మామయ్యకి వినబడనంత మెల్లిగా అన్నాడు.

"నిరుడు చలికాలం. సీల్ కన్నం దగ్గర ఒక్కదానివే కూర్చున్నావు. నేను ఎలుగు వేటకి వెళ్ళి వారమైంది. కన్నం మీదికి వంగి అన్నావు, ఈసారి వాడు తిరిగి రాకపోతే బాగుండునని."

వెనక్కి జరిగాను.

అన్నాను. నిజమే. వాడు వేటకి బయల్దేరే ముందు రోజు ఇంట్లో జరిగిన పెద్ద గొడవ గుర్తొచ్చి, ఒంటరిగా, చలిలో, ఎవరూ లేరు కదా అని, సీల్ ఊపిరికి పైకొచ్చే ఆ కన్నంలోని నీళ్ళతో అన్నాను. మర్నాడు మిటెక్ తిరిగొస్తే వాణ్ణి పట్టుకుని ఏడ్చాను. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. నా మొగుడికి అది తెలిసే దారి లేదు.

తెలిసింది ఆ కన్నానికి. ఆ కన్నం కింద ఉన్నదానికి.

"నువ్వడిగావు కదా," అంది అది. ఇంకా మెల్లిగా. "వాణ్ణి రానివ్వకు. నేను ఉంటాను. నేను కోపం రానివ్వను."

ఇప్పుడు నేను చెయ్యవలసిన పని ఒక్కటే. మామయ్యతో చెప్పాలి. ఇది మీ కొడుకు కాదు, ఎలా తెలుసంటే నేను మీ కొడుకు చావు కోరుకున్నాను, ఆ మాట దీనికి తెలుసు. అంతే చెప్పాలి. నోరు తెరిచాను. ఆయన నా వైపే చూస్తున్నారు. పెళ్ళయిన రోజు నుంచి నన్ను కూతురిలా చూసుకున్న మనిషి. నాలుక తిరగలేదు.

దానికి బదులు ఇంకో దారి దొరికింది. ఎర్రరాయి కొమ్ము దగ్గర జరిగింది మంచు మీద. నేను అన్న మాట మంచు మీద. దీనికి తెలిసినవన్నీ మంచు మీద మాటలే. ఇంటి మాటలు?

"ఇంట్లో ఏం బాగుచేస్తానని చెప్పి చెయ్యలేదు నువ్వు?" అన్నాను పైకి. వేటకి వచ్చాక ఇంటి గొడవలెత్తకూడదని మా ఒప్పందం. ఆ సంగతి మేం మంచు మీద ఒక్కనాడూ మాట్లాడుకోలేదు.

అది నన్ను చూసింది. రెప్ప వెయ్యలేదు. స్టవ్ గుయ్యిమంటోంది. అది ఏమీ అనలేదు.

నేను తెర చించినంత పని చేసి బయటికి తల పెట్టాను. "మిటెక్! ఇంట్లో ఏం బాగుచేస్తానని చెప్పి చెయ్యలేదు?"

"ఇప్పుడు కూడా ఆ కిటికీ గోలేనా తల్లీ!" అంది పొగమంచు. "బిగిస్తానే! ఇంటికొస్తే ఇవాళే బిగిస్తాను! ముందు ప్రాణాలతో రా!"

ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "మామయ్యా, విన్నారా? అదీ మీ కొడుకు!"

మామయ్య విన్నారు. కాని చెయ్యి వాడి భుజం మీంచి తియ్యలేదు.

"కిటికీ మర్చిపోయినవాడు కొడుకు కాకుండా పోతాడా? మొదటి సీల్ కడుపులో పిల్ల సంగతి నాకూ వాడికీ తప్ప ఈ లోకంలో ఎవరికీ తెలీదు కోడలా."

"మీరిద్దరూ నడిచిన మంచుకి తెలుసు మామయ్యా!"

"అలా ఎందుకంటున్నావు? నీ చెవిలో వీడేమన్నాడు?"

చెప్పవలసిన ఘడియ రెండోసారి వచ్చింది. అది తల కొంచెం పక్కకి వంచి, నేనేం చెబుతానా అని చూస్తోంది.

"ఏం లేదు," అన్నాను నేను.

మామయ్య నిట్టూర్చారు. "నువ్వు వెళ్ళు. నీ మొగుణ్ణి నువ్వు తెచ్చుకో. నా కొడుకు దగ్గర నేనుంటాను."

కాళ్ళు పట్టుకున్నాను. చెయ్యి పట్టుకుని లాగాను. డెబ్బై ఏళ్ళ మనిషి, బండలా ఉన్నారు. కింద మంచు మూలిగింది. అంత పెద్ద పలక తిరుగుతుంటే వచ్చే మూలుగు, పళ్ళలో తెలుస్తుంది. ఇంక ఆగితే మూల కూడా విడిపోతుంది. ఇంటి దగ్గర నాకు నాలుగేళ్ళ పిల్ల ఉంది.

కుక్కల్ని ఎలా కట్టానో గుర్తులేదు. కుక్కల బండి ఎక్కి, గొంతు వినబడ్డ వైపు తోలాను. వెనక్కి ఒకసారి చూశాను. గుడారం పసుపు రంగు మచ్చలా కనబడింది. గుమ్మంలో ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకరు చెయ్యి ఊపారు. ఎవరో తెలీలేదు.

"అరుస్తూ ఉండు!" అని కేకేశాను ముందుకి.

"అరుస్తూనే ఉన్నాను! గొంతు పోయేలా ఉంది!"

మధ్యలో ఒక చోట కుక్కలు అన్నీ ఒక్కసారి పక్కకి మళ్ళాయి. ఏమీ లేని చోట. చదునైన మంచు చుట్టూ తిరిగి వెళ్ళాయి. బండి కింద... టక్. టక్. టక్. కింద నుంచి. నేను చూడలేదు. కొరడా ఝుళిపించాను.

మంచుకొండ తెల్లటి దాంట్లోంచి నీలంగా బయటపడింది. దాని మూలకి మా పలక ఒరుసుకుని పిండి పిండి అవుతోంది. ఇటూ అటూ నల్లటి నీళ్ళు. మధ్యలో బండి పొడుగుకన్నా కొంచెం తక్కువ జాగా, విరిగిన ముక్కలతో నిండి ఉంది. అవతల మిటెక్. టోపీ బొచ్చు, మీసం, కనురెప్పలు అన్నీ తెల్లగా గడ్డకట్టి, చేతిలో గునపం.

"ఆపకు! తోలు! ఆపకు!"

ముందు కుక్కలు ముక్కల మీంచి దూకాయి. రెండు నీళ్ళలో పడ్డాయి. మిటెక్ గునపం మంచులో దింపి, తాళ్ళు పట్టి లాగాడు. బండి రెండు అంచుల మీదా వంతెనలా పడింది. దాని మీద పాకాను. నా బూటు తడిసింది. అవతలికి చేరి, పడ్డచోటే ఉండిపోయాను.

"నాన్న ఏడీ?"

చెప్పాను. అంతా కాదు. లోపల నీలాంటిదొకటి వచ్చి కూర్చుందనీ, ఆయన రానన్నారనీ చెప్పాను. మిటెక్ నీళ్ళలోకి దూకబోయాడు. నడుం పట్టుకుని ఆపాను. చీలిక వెడల్పవుతోంది. ఇద్దరం కలిసి అరిచాం. నాన్నా... మామయ్యా...

చాలాసేపటికి జవాబొచ్చింది. జవాబు కాదు. నవ్వు. మామయ్య నవ్వు, కడుపు పట్టుకుని నవ్వేది. దాని వెనకే ఒక గొంతు ఏదో కథ చెబుతోంది. మాటలు తెలియలేదు. కథ చెప్పే తీరు మాత్రం నాకు బాగా తెలిసినదే.

అది ఒక్క గంటలో నేర్చుకుంది.

మేం ఊరు చేరి చెప్పాం. దొరికిన ప్రతి పడవా, ప్రతి బండీ బయల్దేరింది. పొగమంచు రెండు రోజులు వదల్లేదు. మూడో రోజు గాలి మళ్ళీ తిరిగి, ఆ పలకని దక్షిణాన ఇంకో ఊరి మంచుకి తెచ్చి ఆనించింది. అక్కడి వేటగాళ్ళు చూసేటప్పటికి మామయ్య ఒక్కరే మంచు అంచున కూర్చుని ఎండకి ముఖం పెట్టి ఉన్నారట. గుడారం వెనక అప్పుడే కోసిన సీల్ ఉంది. ఆయన తుపాకీ, ఈటె నా బండితోనే వచ్చేశాయి. దేనితో కొట్టావు తాతా అని అడిగితే, "నేనెక్కడ కొట్టాను? నా కొడుకు తెచ్చాడు," అన్నారట.

మిటెక్, నేను వెళ్ళాం. మిటెక్ పరుగున వెళ్ళి మోకాళ్ళ మీద పడ్డాడు.

మామయ్య ముందు నన్ను చూసి నవ్వారు. తరవాత వాణ్ణి చూశారు. కాళ్ళు వెనక్కి లాక్కున్నారు.

"ఎవరండీ మీరు?" అన్నారు.

కన్నకొడుకుని మీరనడం నేను వినడం అదే మొదటిసారి.

"నాన్నా, నేను..."

"మీరు మా కోడలిని క్షేమంగా చేర్చారు. సంతోషం. నా దగ్గరికి రాకండి. నా కొడుకు ఇక్కడిదాకా నాతోనే ఉన్నాడు. పనుంది, తరవాత వస్తానని వెళ్ళాడు."

ఆయన మా ఇంటికి రాలేదు. ఆ ఊళ్ళోనే చెల్లెలి దగ్గర ఉండిపోయారు. మిటెక్ రెండుసార్లు వెళ్ళాడు. రెండుసార్లూ ఆయన "రండి, కూర్చోండి," అని మర్యాదగా అన్నారు. మూడోసారి వాడు వెళ్ళలేదు. ఆ ఎండాకాలమే ఆయన నిద్రలో పోయారు.

నేను మిటెక్‌ని కనిపెడుతూ ఉండేదాన్ని. చెప్పుకోవడానికి సిగ్గే. పక్కలో పడుకున్న మొగుణ్ణి, తినేటప్పుడు, నవ్వేటప్పుడు, కళ్ళ చివర నుంచి చూసేదాన్ని. మామయ్యని చూసి ఇంటికొచ్చిన మర్నాడే వాడు కిటికీ బిగించాడు. నేను గుర్తు చెయ్యకుండానే. మంచి పనే కదా? నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కథలు చెబుతూనే ఉన్నాడు. చీలిక మూడు బారలని ఒకసారి, ముప్ఫై బారలని ఒకసారి. ముప్ఫై అన్న రోజు నేను హాయిగా నిద్రపోయేదాన్ని.

అక్టోబర్ వచ్చింది. ఇంటి ముందు సముద్రం ఒక రాత్రిలో గడ్డకట్టింది. మొదటి మంచు నల్లగా, అద్దంలా, వేలు మందాన ఉంటుంది. నక్క కాలు పెట్టినా విరుగుతుంది. పొద్దున్నే నీళ్ళ కోసం వెళ్ళి, చూసి, బకెట్టు కింద పెట్టేశాను.

దాని మీద సన్నగా పేరుకున్న మంచు నూగులో అడుగులున్నాయి. మనిషి అడుగులు. సముద్రం లోపలి నుంచి తిన్నగా మా ఇంటి వైపు వచ్చి, ఒడ్డు రాళ్ళ దగ్గర ఆగాయి. తిరిగి వెళ్ళినవి లేవు.

వంగి చూశాను. అడుగు అచ్చులో మడమ దగ్గర కుట్టు ఒకచోట వంకర పోయింది. ఆ వంకర నాది. మిటెక్ కోసం కొత్త సీల్ తోలు బూట్లు కుట్టి, కిందటి రాత్రే ముగించాను. నిద్ర ముంచుకొస్తుంటే ఎడమ మడమ దగ్గర సూది పక్కకి పోయింది. రేపు విప్పి కుడదాంలే అని స్టవ్ పైన వేలాడదీశాను. వాటిని ఇంకా ఎవరూ తొడుక్కోలేదు.

ఇంటికి పరిగెత్తాను. మిటెక్ పిల్లదాన్ని పొట్ట మీద పడుకోబెట్టుకుని నిద్రపోతున్నాడు. ఇద్దరి ఊపిరీ వినబడుతోంది. బూట్లు వేలాడదీసిన చోటే ఉన్నాయి. తోలు పొడిగా ఉంది. అడుగున ఒక్క చుక్క తడి లేదు.

ఎడమ బూటు దించి, లోపల చెయ్యి పెట్టాను.

మేం బూటు అడుగున వెచ్చదనానికి ఎండుగడ్డి పరుస్తాం. తొడుక్కునే రోజు పొద్దున్న పరుస్తాం. వాటిలో నేను ఇంకా గడ్డి పెట్టలేదు.

లోపల గడ్డి ఉంది. ఒత్తుకుపోయి, పాదం ఆకారంలో గుంట పడి ఉంది. చాలా రోజులు తొడిగి తిరిగినట్టు.